ఆడ కానిస్టేబుల్ నిలబడే చోటు

చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ సందు మొదట్లో కరెంటు స్తంభానికి ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది. తోటకూర సంచీ చేతిలో పట్టుకుని పోతున్నదాన్ని, ఫొటో చూసి ఆగిపోయాను. తెల్ల చొక్కా. మెడ దాకా బొత్తాలు. జేబులో రెండు పెన్నులు. మా సార్.

ఫ్లెక్సీని పైనుంచి కింది దాకా చదివాను. ఏ కాగితాన్నీ సగంలో వదిలేయడం ఆయనకు నచ్చదు. ఆయన పూర్తి పేరు నాకు ఆ రోజే తెలిసింది. ఆరేళ్లు 'సారూ' అని పిలిచాను గానీ పేరు ఎప్పుడూ అడగలేదు. పేరు కింద దశదిన కర్మ తేదీ రాశారు, ఇంటి నంబరు రాశారు. ఎన్ని గంటలకో రాయలేదు. ఆయన చూసి ఉంటే ఊరుకునేవారు కాదు. "తేది ఉన్నది, స్థలమున్నది. మరి సమయమేది?" అంటూ జేబులోంచి పెన్ను తీసేవారు.

ఆ పేరు నేనిక్కడ రాయడం లేదు. ఎవరి పేరైనా కాగితం మీదికి ఎక్కే ముందు, పైన ఏం రాశారో ఆ మనిషి చదువుకోవాలనేవారు సార్. ఆయన చదవలేని కాగితం మీద ఆయన పేరు పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

ఆయన్ను నేను మొదటిసారి చూసింది పోలీసుగా.

అశోక్ నగర్‌లో రెండో అంతస్తులో మా ఆఫీసు. కింద ఒక చాయ్ దుకాణం, దాని పక్కన పాత పుస్తకాల దుకాణం. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు తయారయ్యే పిల్లల కోసం మాదిరి ప్రశ్నపత్రాలు తయారు చేసి అమ్మడం మా కంపెనీ పని. పద్నాలుగు మంది ఉండేవాళ్లం. నేను ఊడుస్తాను, చాయ్ పెడతాను, తలుపు దగ్గర కూర్చుంటాను. ఆ రోజుల్లో ఏదో పరీక్ష కాగితం ముందే బయటికి వచ్చిందని గొడవ నడుస్తోంది. పోలీసులు మా చుట్టుపక్కల గల్లీల్లో ఆఫీసు ఆఫీసూ తిరిగి అడుగుతున్నారు. మా వెనుక గల్లీలో ఒక కోచింగ్ సెంటర్‌కు పోలీసులు రాగానే ఒకతను భయపడి ఫోను తీసి నీళ్ల ట్యాంకులో వేశాడు. ఇంకొకతను మేడ మెట్ల మీంచి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. వాళ్ల తప్పేమీ లేదని తర్వాత తేలింది. కానీ ట్యాంకులో ఫోను ఎందుకు వేశావంటే జవాబు చెప్పలేక ఆ పిల్లవాడు ఎన్నో నెలలు తిరిగాడు.

ఆ సంగతి విన్నాక మా మేడం, అంటే మా కంపెనీ యజమాని, కంగారు పడింది. "మనం తప్పు చెయ్యలే. గని మనోళ్లు భయంతోని చేసే పనులే మనల్ని ముంచేటట్టున్నయి," అంది. వాళ్ల నాన్నకు తెలిసిన ఒక పెద్దమనిషిని పిలిపిస్తున్నానని మాత్రం చెప్పింది.

మరునాడు శనివారం, పొద్దున పదకొండింటికి ఎవరో తలుపు కొట్టారు. చేత్తో కాదు, కర్రతో కొట్టినట్టుంది. తీశాను. ఎండాకాలంలో చేతికి గొడుగు తగిలించుకుని ఒక బక్కపలచని ముసలాయన నిలబడి ఉన్నాడు. గొడుగు పిడితోనే తలుపు కొట్టాడు.

"పోలీసు. జరుగు," అన్నాడు.

జరిగాను.

ఆయన తాపీగా లోపలికి వచ్చి వరసగా అన్ని గదులూ చూశాడు. ఒక కంప్యూటర్ ముందు వంగి తెర మీదున్నది చదివాడు. స్టోర్ రూమ్ అల్మారా తెరిచాడు, మూశాడు. చివరికి మేడం కుర్చీలో కూర్చుని, జేబులోంచి ఒక లవంగం తీసి నోట్లో వేసుకున్నాడు. ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. కంప్యూటర్లు చూసుకునే శ్రీకాంత్ లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు కూడా.

"అయిపాయె," అన్నాడాయన. "ఆఫీసు మొత్తం నా చేతిలకొచ్చింది. పద్నాలుగు మంది ఉన్నరు. మీరెవరని ఒక్కరన్న అడిగిండ్రా? నేను పోలీసును కాదు. కోర్టుల బెంచి క్లర్కుగ చేసి రిటైరైన. ఇల్లు చిక్కడపల్లి. సరె, మళ్ల వస్త. ఈసారన్న అడుగుండ్రి."

బయటికి పోయి, తలుపు వేసుకుని, మళ్లీ కొట్టారు.

'మళ్ల' అన్నది ఆయన ఊతపదం. తిట్టడం తెలియదు, మెచ్చుకోవడమూ తెలియదు. తప్పు చేసినా 'మళ్ల', బాగా చేసినా 'మళ్ల'. రెండింటికీ తేడా ఆయన లవంగం కొరికే తీరులో తెలిసేది.

ఆ మొదటి రోజే ఒక సంగతి జరిగింది. మా దగ్గర అమ్మకాలు చూసే ఒకాయన నెమ్మదిగా పక్కకు వచ్చి, "సార్, కంప్యూటర్లల్లకెల్లి ముందే ఏమేం తీసెయ్యాలెనో ఒక లిస్టు చెప్తే మంచిగుంటది," అన్నాడు. సార్ పెన్నుకు క్యాప్ పెట్టారు. గొడుగు అందుకున్నారు.

"తీసేసేటియి ఉంటే నా తోని పని లేదు బాబూ. వకీలును పిలుసుకోండ్రి," అని మెట్ల దాకా వెళ్లిపోయారు.

మేడం చెప్పులు కూడా వేసుకోకుండా వెనకాలే పరుగెత్తింది. మా దగ్గర దాచేదేమీ లేదనీ, ఆయన తెలియక అడిగాడనీ మెట్ల మీద నిలబడి చెప్పింది. అప్పుడు సార్ వెనక్కి వచ్చి అందరినీ కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పారు. "ఉరకొద్దు. దాయొద్దు. చింపొద్దు. సదవకుండ సంతకం పెట్టొద్దు. ఇంతే. ఇది నేర్సుకునేతందుకు మనకు ఆర్నెల్లు పడతది."

శ్రీకాంత్ నవ్వాడు. "నాలుగు మాటలకు ఆర్నెల్లా సార్?"

"నువ్వు ఇందాక చేతులు కట్టుకోని నిలబడ్డవు బిడ్డా. ఆ చేతులు ఇప్పుకునేతందుకే మూడు నెలలు," అన్నారు సార్.

అప్పటి నుంచి రెండు వారాలకొక శనివారం మా ఆఫీసు మీద దొంగ దాడి జరిగేది, అంటే సార్ ఉత్తుత్తి పోలీసుగా వచ్చేవారు. ఎవరి పని వాళ్లకు పంచారు. తలుపు దగ్గరున్నవాళ్లు కార్డు అడగాలి. ఇంకొకరు వచ్చినవాళ్లను కూర్చోమనాలి. ఒకరు మేడంకూ వకీలుకూ ఫోను చేయాలి. కంప్యూటర్ల ముందున్నవాళ్లు చేతులు బల్ల మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకోవాలి. అడిగింది తెలిస్తే చెప్పాలి, తెలియకపోతే తెలియదనాలి. పోలీసుల పనికి అడ్డు పడకూడదు. చివరికి వాళ్లు రాసిన కాగితం నకలు అడిగి తీసుకోవాలి.

సార్ ఒక్కరే పోలీసైతే మా ఆఫీసు పిల్లలకు భయం ఉండదని, తన పక్కింటాయన్ను ఒకసారి తోలుకొచ్చారు. ఆయన ఏదో బడిలో డ్రిల్ మాస్టారుగా చేసిన మనిషి. పెద్ద మీసాలు. వచ్చీ రాగానే గట్టిగా అరిచి, వెంటనే దగ్గు వచ్చి నన్ను నీళ్లడిగాడు. ఆ రోజు నవ్వలేక చచ్చారు పిల్లలు.

ఒకటే వెలితి ఉండేది. "ఆడోళ్ల బ్యాగులు ఆడ కానిస్టేబులే సూడాలె. ఆమె లేకుంటే ఆమెను పిలిపియ్యమని అడగాలె. గని నాకు ఆడ కానిస్టేబుల్ దొరుకుత లేదు," అనేవారు. భార్యను అడిగారట. "ముప్పై ఏండ్లు కోర్టును ఇంటికి మోసుకొచ్చినవు, ఇప్పుడు ఠాణా గూడ తెస్తవా?" అందట ఆమె. అందుకని ప్రతిసారీ నీళ్ల ఫిల్టర్ పక్కన ఖాళీ జాగాను గొడుగుతో చూపించి, "ఇక్కడ ఆడ కానిస్టేబుల్ ఉన్నదనుకోండ్రి," అనేవారు. మా అమ్మాయిలు ఆ ఖాళీ జాగాకు బ్యాగులు తెరిచి చూపించేవాళ్లు.

మూడోసారో నాలుగోసారో, నేను తలుపు తీసి, నేర్పిన ప్రకారం కార్డు అడిగాను. సార్ ఒక అట్టముక్క నా చేతికిచ్చారు. తిప్పి చూశాను.

"ఏం రాసుందమ్మా?"

"పోలీసని ఉంది సారూ," అన్నాను.

వెనుక నుంచి శ్రీకాంత్ తొంగి చూసి కడుపు పట్టుకుని నవ్వాడు. అది మిఠాయి డబ్బా మూతలోంచి కత్తిరించిన ముక్క. దాని మీద మిఠాయి దుకాణం పేరుంది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు.

సార్ నవ్వలేదు. "నవ్విండ్రు గద. రేపు నిజంగ వచ్చిననాడు తలుపు తీసేది ఈమెనే. మీ డిగ్రీలన్ని ఈమె ఎనకాలనే ఉన్నయి," అన్నారు.

ఆ రోజు అందరూ పోయాక చాయ్ గ్లాసులు కడుగుతుంటే ఆయన వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"బాలమణమ్మా, కోపమొచ్చిందా?"

"లేదు సారూ. భయమైంది."

ఎందుకో ఆయనకు చెప్పాలనిపించింది. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన కొత్తలో ఇళ్ల కట్టుబడికి పోయేవాళ్లం. తర్వాత హిమాయత్‌నగర్‌లో ఉద్యోగాలిప్పిస్తామనే ఒక ఆఫీసులో ఊడ్చే పనికి కుదిరాను. ఒకరోజు అక్కడికి పోలీసులు వచ్చారు. అన్నీ వెతికి, రాసుకుని, ఇక్కడ వేలు వెయ్యి అన్నారు. వేశాను. అందులో ఏముందో కోర్టులో చదివితే గానీ తెలియలేదు. బీరువా తాళాలు నా దగ్గర ఉండేవని, కాగితాలు చింపుతుంటే నేను చూశానని రాసి ఉంది. తాళాలు నా దగ్గర ఎప్పుడూ లేవు. చింపుతుంటే నేను చూడలేదు. ఆ మాట చెప్పడానికి ఎన్నేళ్లు కోర్టు చుట్టూ తిరిగానో. ఖాకీ బట్ట కనిపిస్తే ఇప్పటికీ నా బొటనవేలు లోపలికి ముడుచుకుంటుంది.

"మళ్ల గట్లయితదేమోనని భయం సారూ. ఈ ఆఫీసుల గూడ తాళాలు తీసిచ్చేది నేనే కద."

సార్ లవంగం కొరకడం ఆపారు. "నీ కేసుల నేను లేను తల్లీ. గని నీ అసొంటోళ్ల వేలిముద్రలున్న కాగితాలు కోర్టుకొస్తే ఎన్నింటికో నంబర్లేసిన. ఎర్ర ఇంకుతోని. ఇది ఎవరి వేలని ఎన్నడు అడగలె," అన్నారు. తర్వాత పక్కన పడి ఉన్న జవాబు పత్రాల కట్టలోంచి ఒక కాగితం లాగారు. పరీక్షల్లో గుండ్రాలు నింపే కాగితం అది. దాన్ని తిరగేసి, గుండ్రాలు లీలగా కనిపిస్తున్న వెనుక వైపున ఒక మాట రాశారు.

"ఇదేంది సారూ?"

"తాళం."

యాభై ఏళ్ల వయసులో నేను నేర్చుకున్న మొదటి మాట అది. బస్తీలో రాత్రి బడికి పోయిన ఆడవాళ్లు అమ్మ, ఆవు అని మొదలుపెట్టారు. సార్ దగ్గర ఆ లెక్క లేదు. "అ, ఆలు ఎటు పోవు. ముందుగాల నిన్ను ఇరికించే మాటలు నేర్సుకో," అనేవారు. తాళం. తర్వాత సంతకం. తర్వాత సమక్షం. తర్వాత స్వాధీనం. ఇవన్నీ పంచనామాలో వచ్చే మాటలు. పోలీసులు వెతికినప్పుడు ఏం చూశారో, ఎక్కడ దొరికిందో సాక్షుల ముందు రాసే కాగితాన్ని పంచనామా అంటారని కూడా నాకు అప్పుడే తెలిసింది.

అచ్చు అక్షరాలు కూడా నేర్పలేదు. గొలుసుకట్టు రాతలో రాసి చదవమనేవారు. "పోలీసాయన నీ కోసం గుండ్రంగ రాస్తడా?" అనేవారు. అందుకే చాలా రోజుల దాకా నా సంగతి విచిత్రంగా ఉండేది. 'స్వాధీనపరచుకోవడమైనది' అని కలిపి రాస్తే చదివేదాన్ని. విద్యానగర్ బస్సు బోర్డు మాత్రం చదవలేక పక్కవాళ్లను అడిగేదాన్ని.

నాకు చదువు చెప్పడానికి రోజూ సాయంత్రం అయిదింటికి వచ్చేవారు. తలుపుకు ఎదురుగా ఉన్న కుర్చీలోనే కూర్చునేవారు. కింది నుంచి మిరపకాయ బజ్జీలు తెప్పిస్తే, తినడం అయ్యాక నూనె కాగితాన్ని బల్ల మీద సాపు చేసి మొత్తం చదివేవారు. ఫినాయిల్ సీసా మీదున్నది చదివేవారు. కొరియర్ వాళ్లకు ఆయనంటే హడలు. కవరు తీసుకున్నట్టు ఒక గీత గీసిచ్చే చోట, ఆయన రసీదంతా చదివి అప్పుడు సంతకం చేసేవారు. ఒక కొరియర్ అతను మెట్ల మీది నుంచే "పెద్దసార్ ఉన్నడా అక్కా?" అని అడిగి, ఉన్నారంటే తర్వాత వచ్చేవాడు.

నా చదువు నిదానం. వేలు పెట్టి ఒక్కో అక్షరం పట్టుకునేదాన్ని. "ఇంత మెల్లగ సదివితే పోలీసులు ఆగుతరా సారూ?" అన్నాను ఒకసారి. "ఆగుతరు. నువ్వు సంతకం పెట్టేదాంక వాళ్ల పని గాదు. తొందర వాళ్లది, నీది గాదు. మళ్ల సదువు," అన్నారు.

ఆర్నెల్లు దాటింది. ఒక శనివారం పదకొండింటికి తలుపు చప్పుడైంది. గొడుగు పిడి చప్పుడు కాదు. సార్ మళ్లీ ఎవరినో తోలుకొచ్చారనుకుంటూ తీశాను. మామూలు బట్టల్లో ఒకాయన, వెనుక మెట్ల చీకట్లో నలుగురైదుగురు.

"పోలీసులం. జరగమ్మా."

"కార్డు చూపియ్యుండ్రి సారూ," అన్నాను, జరక్కుండా.

లోపలి నుంచి శ్రీకాంత్ గొంతు వినిపించింది. "ఈసారి బ్యాచ్ మంచిగ దొరికింది. అన్నా, ఆ మీసాలు కిరాయికి తెచ్చినవా?" అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. వచ్చినాయన చేయి మీసం మీదికి పోయింది. కార్డు తీసి నా చేతికిచ్చాడు.

అది ఇంగ్లీషులో ఉంది. దానికి కూడా సార్ ఒక దారి చెప్పారు. చదవరాకపోతే ఫొటో చూడు, మనిషిని చూడు, పేరడిగి రాసుకో అని. ఫొటో చూశాను, మనిషిని చూశాను. పేరడిగి, వచ్చేపోయేవాళ్ల పుస్తకంలో రాస్తున్నాను. ఆయన వెంట వచ్చినవాళ్లు ఇద్దరు నన్ను దాటుకుని లోపలికి వచ్చారు. రాయడం అయ్యాక తలెత్తాను.

నీళ్ల ఫిల్టర్ పక్కన ఆడ కానిస్టేబుల్ నిలబడి ఉంది.

నిజం ఖాకీ బట్టలు, బిగించి వేసిన జడ. సరిగ్గా ఆ ఖాళీ జాగాలో. సార్‌కు ఆర్నెల్లుగా దొరకని మనిషి. నా బొటనవేలు దానంతటదే లోపలికి ముడుచుకుంది.

"శ్రీకాంత్," అన్నాను మెల్లగా. "ఫిల్టర్ దిక్కు సూడు."

చూశాడు. ముఖంలో నవ్వు పోయింది. కానీ చేతులు కట్టుకోలేదు. రెండు చేతులూ బల్ల మీది నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అతన్ని చూసి మిగతావాళ్లు కూడా అలాగే చేశారు. ఒకమ్మాయి లేచి, "కూసోండ్రి సార్," అని కుర్చీ జరిపింది. ఇంకొకమ్మాయి మేడంకు ఫోను చేసింది. ఎవరూ ఉరకలేదు. సగం మంది అది నిజమని తెలుసుకునేలోపే తమ పనులు చేసేశారు.

మేడం పది నిమిషాల్లో వచ్చింది. వాళ్లు తెచ్చిన కాగితం చదివింది. ఆఫీసర్‌ను అడిగి సార్‌కు ఫోను చేసి, అందరికీ వినపడేలా పెట్టింది.

"మీరు జర వస్తరా సార్?"

"నేను రాను," అన్నారు సార్. "నేనొస్తే మీరందరు నా మొఖం దిక్కు సూస్తరు. కాగితం దిక్కు సూడరు." పెట్టేశారు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వాళ్ల పని వాళ్లు చేసుకుపోయారు. దురుసుగా ఏమీ లేరు. సాక్షులుగా కింది చాయ్ దుకాణం ఆయన్ను, పాత పుస్తకాల ఆయన్ను పిలిపించారు. అంతా వీడియో తీశారు. స్టోర్ రూమ్ అల్మారా తాళం అడిగితే, గోడకున్న మేకు నుంచి తీసి నేనే ఇచ్చాను. అందులో మా మాదిరి ప్రశ్నపత్రాల కట్టలున్నాయి. వాటి వెనుక, మాకంటే ముందు అక్కడ కిరాయికి ఉన్నవాళ్లు వదిలేసిన మూటలు కూడా ఉన్నాయి. వాటిలో ఏముందో మాలో ఎవరికీ తెలియదు. ఆఫీసర్ కంప్యూటర్లతో సహా అన్నీ తీసుకుపోతామన్నాడు.

ఒక కానిస్టేబుల్ కూర్చుని పంచనామా రాశాడు. సాక్షులు సంతకాలు పెట్టారు. మేడం పెట్టింది. "తాళం ఇచ్చిందెవరు? నువ్వే కదమ్మా. ఇక్కడ వేలు వెయ్యి," అని అతను కాగితం నా ముందుకు తోశాడు. పక్కనే ఇంకు డబ్బా మూత తీసి పెట్టాడు.

"సదువుత," అన్నాను.

అతను ఆఫీసర్ ముఖంలోకి చూశాడు. ఆఫీసర్ తలూపాడు. వేలు పెట్టి మొదలుపెట్టాను. తేది ఉంది. సమయం ఉంది. స్థలం ఉంది. రాత సార్ రాత కంటే నయమే. మొదటి పేజీ అయ్యేసరికి ఆఫీసర్ చాయ్ తాగేశాడు. కానిస్టేబుల్ రెండుసార్లు ఆవులించాడు. "ఎంతసేపమ్మా?" అన్నాడు. నేను తలెత్తలేదు. రెండో పేజీ మధ్యలో నా పేరు కనిపించింది. దాని పక్కనే నేను ఎప్పుడో నేర్చుకున్న మాట ఒకటి ఉంది. బాలమణి స్వాధీనంలో ఉన్న తాళంచెవితో అల్మారా తెరిపించగా, అని రాసి ఉంది.

మళ్లీ చదివాను. అదే ఉంది.

"సారూ, తాళం నా స్వాధీనంల లేదు."

"తీసిచ్చింది నువ్వే కదమ్మా," అన్నాడు కానిస్టేబుల్.

"తీసిచ్చిన. స్వాధీనంల లేదు. మేకుకుంటది. ఎవరికి కావాల్నంటే వాళ్లు తీసుకుంటరు."

"రెండు ఒక్కటే."

"ఒక్కటి కాదు సారూ." వేలు ఆ మాట మీది నుంచి తీయలేదు. "నా స్వాధీనంల ఉంటే లోపలున్న మూటలకు గూడ నేనే జవాబు చెప్పాలె. నాకు తెల్వదు. తెల్వదనే రాయుండ్రి."

ఆఫీసర్ కుర్చీలోంచి లేచాడు. నన్ను తిడతాడనుకున్నాను. ఆయన స్టోర్ రూమ్ దాకా పోయి గోడకున్న మేకును చూసి, దాన్ని వేలితో కదిపి వచ్చాడు. "ఆమె చెప్పింది కరెక్టే. గోడకున్న మేకు నుంచి తీసి ఇచ్చిన తాళంచెవి, అని మార్చు. మార్చిన కాడ సంతకాలు తీసుకో," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఎక్కడి దాంక సదివినవమ్మా?" అని అడిగాడు.

"ఇక్కడి దాంకనే సారూ," అన్నాను, రెండో పేజీ మీద వేలు పెట్టి. "ఇంకొక పేజీ ఉంది."

ఆడ కానిస్టేబుల్ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఆఫీసర్ కూడా నవ్వి మళ్లీ కూర్చున్నాడు. మూడో పేజీ అయ్యాక ఇంకు డబ్బా మూత నేనే పెట్టి, పెన్నడిగాను. నాలుగక్షరాలు రాశాను.

వాళ్లు వెళ్లాక పంచనామా నకలు పట్టుకుని మెట్లు దిగాను. చాయ్ దుకాణంలో మూల బెంచీ మీద గొడుగు ఆనించుకుని సార్ కూర్చుని ఉన్నారు.

"మూడు గంటలాయె, ఇక్కడనే ఉన్నడు," అన్నాడు దుకాణం ఆయన. "నేను పైకొచ్చేటప్పుడు ఇచ్చిన చాయ్, సల్లారింది, తాగలె. పైకి పోదాం రాండ్రి అంటే రాడు."

కాగితం సార్ చేతికిచ్చాను. పైనుంచి చదువుతూ వచ్చారు. రెండో పేజీలో కొట్టివేత దగ్గర ఆగారు. దాని పక్కనున్న నా పేరు మీద వేలు పెట్టారు.

"సమయం గూడ రాసిండ్రు. మంచిది," అన్నారు. కాగితం నాకు తిరిగిచ్చి జేబులోంచి లవంగం తీసుకున్నారు. "మళ్ల సదువు. నేను వింట."

చదివాను. చాయ్ దుకాణంలో, అందరూ వింటుండగా.

కొన్ని నెలలకు మా కంప్యూటర్లు తిరిగొచ్చాయి. మా మీద ఏ కేసూ లేదన్నారు. ఆ మూటల గురించి మేడంను రెండుసార్లు పిలిచి అడిగారు. నన్ను ఎవరూ పిలవలేదు.

ఆ తర్వాత ఒకరోజు సార్ వచ్చి, "ఆడ కానిస్టేబుల్ దొరికింది," అన్నారు. ఎవరని అడిగాను. నా వైపే చూస్తూ నిలబడ్డారు. అప్పటి నుంచి సార్‌తో కలిసి నారాయణగూడ, హిమాయత్‌నగర్ ఆఫీసులకు దొంగ దాడులకు పోవడం మొదలుపెట్టాను. మేడం శనివారాలు నాకు సెలవిచ్చింది. ఫిల్టర్ ఎక్కడుంటే దాని పక్కన నిలబడేదాన్ని. ఆడపిల్లల బ్యాగులు చూసేదాన్ని. పని అయ్యాక సార్ మిగతావాళ్లకు చెబుతుంటే, నేను అక్కడ ఊడ్చే ఆమెనో, చాయ్ పెట్టే ఆమెనో వెతుక్కుంటూ వంటగది వైపు పోయేదాన్ని. సార్ చూసీ చూడనట్టు ఉండేవారు. కానీ ఆయన సంచీలో గుండ్రాల కాగితాలు ఎప్పుడూ ఒక కట్ట ఉండేవి.

దశదిన కర్మకు వెళ్లాను. ఎన్నింటికో తెలియక పొద్దున్నే వెళ్లాను. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి, "నువ్వేనా ఠాణా?" అని చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

మరుసటి శనివారం నారాయణగూడలో ఒక మందుల కంపెనీ ఆఫీసుకు పోవాలని సార్ ఎప్పుడో మాటిచ్చి ఉన్నారు. శుక్రవారం అక్కడి మేడం ఫోను చేసింది. "సార్ పోయిండ్రంట కదా. క్యాన్సిల్ చేద్దామా?"

"తేది ఉంది, సమయం ఉంది, స్థలం ఉంది కద మేడం. వస్తం," అన్నాను.

శ్రీకాంత్, డ్రిల్ మాస్టారు నాతో వచ్చారు. మెట్లెక్కి తలుపు ముందు నిలబడ్డాం. ఎప్పుడూ వెనుక నిలబడేదాన్ని, ఆ రోజు ముందుకొచ్చాను. తలుపు కొట్టాను. చీర కుచ్చిళ్లు ఎగదోపి, చేతిలో చీపురుతో ఒకామె తీసింది. నలభై ఏళ్లుంటాయి.

"పోలీసు. జరుగు," అన్నాను.

ఆమె చీపురు వెనక్కి పెట్టుకుని గోడకు ఆనుకుంది. దారి ఇచ్చింది.

నేను లోపలికి అడుగు పెట్టలేదు. "జరగొద్దమ్మా. కార్డు అడుగు," అన్నాను.

ఆమె నా ముఖంలోకి, శ్రీకాంత్ ముఖంలోకి చూసింది. "అడిగి ఏం చేస్త అక్కా? నాకు సదువు రాదు."

సంచీలోంచి ఒక గుండ్రాల కాగితం తీసి వెనుకకు తిప్పాను. గుమ్మం మీదే కూర్చున్నాను. ఆమె చీపురు గోడకు ఆనించి నా పక్కన కూర్చుంది. ఒక మాట రాసి చూపించాను. పెన్ను ఆమె చేతిలో పెట్టాను. శ్రీకాంత్, మాస్టారు మెట్ల మీద నిలబడి ఎదురుచూస్తున్నారు. లోపల ఆఫీసంతా కుర్చీల్లోంచి మెడలు సాచి చూస్తోంది. ఆమె నాలుక పంటి కింద పెట్టుకుని, వంకరగా, 'తాళం' రాసింది. రాసి, బాగుందా అన్నట్టు నా వైపు చూసింది.

"మళ్ల," అన్నాను.